రాచపుండు – బంగారు రేణువుల వేడి చికిత్స



నా చిన్నతనమున మా యింటి ప్రక్క నొక అవ్వ యుండెడిది. ఆమె రొమ్మున చింతగింజ యంత గడ్డ తేలినది. నొప్పి లేదు గావున ఆమె యెవ్వరికిని చెప్పలేదు. ఏడాది గడచునప్పటికి అది నిమ్మకాయ యంతయైనది. అప్పుడు ఇంటివారు పొరుగూరినుండి వాతలు పెట్టువానిని పిలిపించిరి. అతడు ఇనుప కడ్డీని పిడకల నిప్పులో ఎఱ్ఱగా కాల్చి గడ్డచుట్టును మూడు వాతలు వేసెను. వాతలు మానినవి, గడ్డ మానలేదు. మఱుసటి సంక్రాంతికి ఆమె లేదు. ఆనాటి కమురు వాసన నా కిప్పటికిని జ్ఞాపకమున్నది.

వాత పెట్టినవానిని నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. నిప్పుతో గడ్డను చంపవచ్చునను తలంపు మూఢమైనది కాదు. అది మిక్కిలి పాతది. నేడు గొప్ప విద్యాలయములందు భౌతికశాస్త్రజ్ఞులును వైద్యులును కలసి చేయుచున్న యొక ప్రయత్నమునకు ఆ తలంపే మూలము. ఎంత నిప్పు కావలెను, అది ఎక్కడ పుట్టవలెను అను రెండు ప్రశ్నలకు ఆ కడ్డీవానికడ సమాధానము లేదు. ఆ సమాధానమును వెదకుచు శాస్త్రజ్ఞులు బంగారపు రేణువులకడకు వచ్చిరి. ఆ విషయమే నేటి ప్రసంగము.

మొదట ఈ రోగమెట్టిదో చెప్పెదను. మన శరీరము లెక్కకు మిక్కిలియగు జీవకణములతో కట్టబడినది. పాత కణములు చచ్చుచుండును. వాని చోట క్రొత్తవి పుట్టుచుండును. ఎప్పుడు పెరుగవలెనో, ఎప్పుడు ఆగవలెనో యను కట్టుబాటు ప్రతి కణమునందును ఇమిడియున్నది. ఏ కారణముచేతనైన నొక కణములో ఆ కట్టుబాటు చెడినచో, అది ఆగుట మఱచి రెండుగను, నాలుగుగను, ఎనిమిదిగను పెరుగుచు పోవును. ఆ గుంపే గడ్డ. అట్టి గడ్డ చుట్టునున్న కండలోనికి వేళ్లు తన్ని, రక్తమార్గమున దూరపు అవయవములందు కూడ విత్తనములు చల్లును. దీనినే మనవారు రాచపుండనిరి. నేటి వైద్యులు కాన్సరందురు. ఇది ముట్టుకొన్నందున అంటునది కాదు. రోగిని వేఱుగ కూర్చుండబెట్టుట, అతని కంచమును ప్రత్యేకించుట అనవసరము.

ఈ రోగమునకు నేడు ముఖ్యముగా మూడు చికిత్సలు వాడుకలో నున్నవి. శస్త్రముతో గడ్డను కోసివేయుట యొకటి. కిరణములతో దానిని మాడ్చుట రెండవది. శరీరమంతట వ్యాపించు మందులతో దానిని చంపుట మూడవది. వీనివలన ఎందఱో బాగుపడుచున్నారు. అయినను మూడింటికిని ఒక కష్టము సామాన్యముగా నున్నది. చెడ్డ కణముతోపాటు మంచి కణమునకును దెబ్బ తగులును. కలుపు తీయుటకు దిగినవాడు వరిపైరును త్రొక్కినట్లగును. అందుచే, గడ్డను మాత్రము చంపి ప్రక్కనున్న దానిని ముట్టకుండ నుండు ఉపాయమున కై వైద్యులు నిత్యము వెదకుచున్నారు. వేడి యట్టి ఉపాయములలో నొకటి.

వేడితో వైద్యము చేయుట మన దేశమునకు క్రొత్త కాదు. సుశ్రుత సంహితలో సూత్రస్థానమందలి 12వ అధ్యాయము అగ్నికర్మకే కేటాయింపబడినది. ఏ వ్యాధికి, ఏ కాలమున, ఏ పరికరముతో కాల్చవలెనో అందు చెప్పబడినది. తగినంతగా కాలినదాని లక్షణములు వేఱుగను, మితిమీరి కాలినదాని లక్షణములు వేఱుగను వివరింపబడినవి. అనగా నిప్పు మందగుట దాని కొలతయందే యున్నదని ఆ పూర్వు లెఱుగుదురు. తరువాతి కాలమున కడ్డీ మిగిలినది గాని కొలత మఱపునకు వచ్చినది.

ఐరోపాలో 1866వ సంవత్సరమున బుష్ అను జర్మను వైద్యుడు ఒక వింతను ప్రకటించెను. ముఖముమీద దుష్టమగు గడ్డ గల యొక రోగికి చర్మము వాచి తీవ్రమైన జ్వరము వచ్చినది. ఆ జ్వరము పిమ్మట గడ్డ తగ్గిపోయినది. అమెరికాలోని న్యూయార్కు నగరమున విలియం కోలీ అను శస్త్రవైద్యుడు 1891లో ఇట్టి రోగులకు సూక్ష్మజీవులను సూదితో నెక్కించి బుద్ధిపూర్వకముగా జ్వరము తెప్పింప మొదలిడెను. కొందఱి గడ్డలు కరగినవి. శరీరముయొక్క స్వంత రక్షణశక్తి మేల్కొనుటయే అందుకు ముఖ్యకారణమని నేటివారు తలంచుచున్నారు. అయినను ఈ సంఘటనలవలన, వేడికిని గడ్డకును గల సంబంధము వైద్యుల మనస్సున నాటుకొన్నది.

ఆ సంబంధ మెట్టిదో కొలతలతో చూతము. మన శరీరపు వేడి మామూలుగా 37 సెంటీగ్రేడు డిగ్రీలు. జ్వరము చూచు గాజుగొట్టములో ఇదియే ఫారన్‌హీటు లెక్కన 98.6. వేడి 40 డిగ్రీలకు, అనగా 104కు, ఎక్కినచో గట్టి జ్వరమందుము. 42, 43 డిగ్రీల వేడి ఒక గంటసేపు నిలిచినచో కణములు చెడనారంభించును. 50 డిగ్రీలు దాటినచో కొలది నిమిషములలోనే అవి చచ్చును. కోడిగ్రుడ్డును ఉడికించినప్పుడు తెల్లసొన గట్టిపడును గదా. చల్లార్చినను అది మరల నీరు కాదు. కణములలోని మాంసకృత్తులకును అట్టి గతియే పట్టును.

గడ్డకు ఇంకొక దౌర్బల్యము గలదు. మంచి కండలో వేడి పుట్టినచో ప్రవహించు రక్తము దానిని మోసికొనిపోయి చల్లబఱచును. గడ్డ తొందరపాటుతో పెరిగినది గావున దానిలోని రక్తనాళములు వంకరటింకరగా, అతుకుల బొంతవలె నుండును. అందులో పుట్టిన వేడి త్వరగా బయటికి పోజాలదు. కనుక వేడియే గడ్డకు తగిన శత్రువని తోచును.

మఱి కష్టమేమి? బయటనుండి నిప్పు పెట్టినచో మొదట కాలునది చర్మము, పిమ్మట కండ. గడ్డ అడుగున భద్రముగా నుండును. గడ్డవఱకు వేడి చేరునంతగా కాల్చినచో మనిషియే మిగులడు. ఎలుకలకు వెఱచి యిల్లు కాల్చుకొన్నట్లగును. మా పొరుగింటి అవ్వకు వేసిన వాతలు చర్మమున రెండు మూడు నూలుల లోతు కూడ దాటియుండవు.

అంతేకాదు, కొలత లేని నిప్పు రాచపుండును పుట్టించును గూడ. కాశ్మీరదేశమున చలికాలమందు బట్టల క్రింద నిప్పుల కుండను పొట్టకు దగ్గఱగ నుంచుకొందురు. దానిని కాంగ్డీ యందురు. ఏండ్లతరబడి ఆ సెగ తగిలినచోట, అనగా పొట్టమీదను తొడలమీదను, చర్మపు కాన్సరు పుట్టుట వైద్యగ్రంథములలో ప్రసిద్ధము. మన తీరాంధ్రమున, ముఖ్యముగా విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల పల్లెలలో, చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు అలవాటు స్త్రీలలో కలదు. పొగాకు విషమును నిప్పు సెగయును కలసి అంగిటిమీద రాచపుండు కలిగించుట మన వైద్యులు చక్కగా పరిశోధించి చెప్పిన విషయమే. పాత కాలిన మచ్చలమీద, మానక రేగుచుండు పుండ్లలో, చాల యేండ్లకు కాన్సరు పుట్టుటయు గలదు. కావున వాత పెట్టినందువలన మేలు కలుగకున్నను కీడేమి యని తలంపరాదు.

నిప్పు గడ్డలోపలనే పుట్టవలెను. చుట్టునున్న కండకు తగులరాదు. ఎంత కావలెనో అంతయే యుండవలెను. ఇదియే కోరిక. దీనిని తీర్చుటకు శాస్త్రజ్ఞులు వెలుతురును దూతగా పంపిరి.

ఈ రాత్రి మీ యింట చీకటిలో ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు. బ్యాటరీ దీపమును వెలిగించి దాని ముఖమును అరచేతితో గట్టిగా మూయుడు. వ్రేళ్లు ఎఱ్ఱగా మెఱయును. దీపమునుండి వచ్చునది తెల్లని వెలుతురు. అందు ఊదా మొదలు ఎఱుపువఱకు అన్ని రంగులును గలవు. నీలమును, ఆకుపచ్చను మీ రక్తము పీల్చివేసినది. ఎఱుపు మాత్రము చాలవఱకు దాటి వచ్చినది. ఎఱుపునకు ఆవల మన కంటికి కనబడని వెలుతురు మఱికొంత గలదు. దానిని పరారుణ కాంతి యందురు. అందులో ఎఱుపునకు సమీపముననున్న భాగమును రక్తముగాని, కండలోని నీరుగాని అంతగా పీల్చవు. అది కండలో కొలది సెంటీమీటర్ల లోతువఱకు చొచ్చును. శరీరమను ఇంటికి ఇది యొక కిటికీవంటిది.

ఈ వెలుతురు కండలోనుండి పోవునప్పుడు కండ పెద్దగా వేడెక్కదు. కాని దారిలో దానిని త్రాగివేయు వస్తు వేదైన నున్నచో, త్రాగిన వెలుతురంతయు అక్కడ వేడిగా మాఱును. ఎండలో తెల్లని ధోవతియు నల్లని గొంగళియు ప్రక్కప్రక్కన ఆరవేసి కొంతసేపటికి ముట్టి చూచిన ఈ సంగతి తెలియును. సూర్యుడొక్కడే, ధోవతి చల్లగా నుండును, గొంగళి కాలును. గడ్డలోనికి మాత్రము అట్టి గొంగళిని పంపగలిగినచో, వెలుతురు అంతటను పడినను వేడి అక్కడనే పుట్టును. ఆ గొంగళి పనికి కుదిరినది బంగారము.

బంగారము పచ్చగా మెఱయునది గదా, అది వెలుతురును త్రాగుట యెట్లని మీ రడుగవచ్చును. కంసాలి కుంపటికడ చూచు బంగారము పచ్చనిదే. కాని దానిని కంటికి కనబడనంత సన్నని రేణువులుగా చేసినచో దాని రంగు మాఱిపోవును. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు మైఖేల్ ఫారడే అను మహాశాస్త్రజ్ఞుడు బంగారపు లవణమునుండి అట్టి రేణువులను నీటిలో తయారుచేసి 1857లో దానినిగూర్చి ఉపన్యసించెను. ఆ నీరు కెంపువలె ఎఱ్ఱగా నుండెను. ఆయన చేసిన ద్రవము ఆ సంస్థలో నేటికిని భద్రపఱుపబడియున్నది. 1908లో గుస్తావ్ మీ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ రంగునకు గణితముతో కారణము చెప్పెను.

ఆ కారణమును ఉయ్యాలతో పోల్చి చెప్పవచ్చును. బంగారములో స్వేచ్ఛగా తిరుగాడు విద్యుత్కణములు గలవు. వెలుతురన్నది ఊగులాడు అల. చిన్న రేణువుమీద ఆ అల పడినప్పుడు లోపలి విద్యుత్కణములన్నియు ఒక్కుమ్మడిగా అటునిటు ఊగును. ఉయ్యాలను దాని వరుస తప్పకుండ తోసినచో చిన్నపిల్లవాని చేతితోనే అది ఎత్తుగా ఊగును. వరుస తప్పినచో పెద్దవాడు తోసినను ఊగదు. అట్లే తనకు సరిపడిన రంగు వెలుతురు తగిలినచో రేణువు దానిని విస్తారముగా త్రాగును. తక్కిన రంగులను విడిచిపెట్టును. ఫారడే రేణువులు ఆకుపచ్చ వెలుతురును త్రాగినవి. అందుచే మిగిలిన ఎఱుపు కంటికి కనబడినది.

ఇక్కడ నొక చిక్కు వచ్చినది. ఆకుపచ్చ వెలుతురు కండలోనికి చొరదు; చొరగలది ఎఱుపునకు ఆవలి వెలుతురు. ఆ వెలుతురును త్రాగునట్లు బంగారమును మలచవలెను. అమెరికాలో హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున నయోమీ హాలస్ అను శాస్త్రజ్ఞురాలు 1990 తరువాతి దశాబ్దమున ఈ చిక్కు విప్పెను. ఆమె ఇసుకలోని ముఖ్యపదార్థమగు సిలికాతో అతిసూక్ష్మమైన గుండును చేసి, దానిపై బంగారపు పొర తొడిగెను. మన కంసాలులు లక్క పోసిన గుండ్లపై బంగారు రేకు తొడుగుట చూచినవారికి ఈ పని వింత కాదు, పరిమాణమే వింత. లోపలి గుండు ఇంచుమించు 120 నానోమీటర్లు, పైపొర 15. ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన అందొక భాగము నానోమీటరు. ఇట్టి గుండ్లను ప్రక్కప్రక్కన పేర్చినచో తలవెండ్రుక మందమునకు ఇంచుమించు 500 పట్టును. మన రక్తములోని ఎఱ్ఱకణము ప్రక్కన కూడ ఇది యేనుగు ప్రక్కన ఎలుకవంటిది.

తంబుర తీగను బిగించినకొలది శ్రుతి మాఱును గదా. అట్లే లోపలి గుండునకును పైపొరకును గల నిష్పత్తిని మార్చినకొలది రేణువు త్రాగు రంగు మాఱును. పొరను పలుచన చేయుచు పోయినచో అది ఎఱుపువైపునకు జరిగి, తుదకు పరారుణ కాంతికి శ్రుతి కలియును. పిమ్మట అట్లాంటా నగరమందలి జార్జియా టెక్ విద్యాలయమున, ఈజిప్టుదేశమున పుట్టిన ముస్తఫా ఎల్ సయ్యద్ గారు గుండ్లకు బదులు సన్నని కడ్డీల ఆకారము గల బంగారు రేణువులతో ఇట్టి ఫలమునే సాధించిరి. వైద్యుడగు తమ కుమారునితో కలసి 2006లో వారు నోటి కాన్సరు కణములపై వీనిని పరీక్షించిరి. రేణువులు పట్టిన చెడ్డ కణములను చంపుటకు మంచి కణములకు కావలసిన వెలుతురులో ఇంచుమించు సగము చాలినది. ఇది గాజుపాత్రలో కణములపై జరిగిన పరీక్ష గాని మనుష్యులపై కాదు.

ఇక ఈ రేణువులు గడ్డకు చేరుట యెట్లు? జపానులోని కుమమోతో నగరమున మత్సుమురా, మయేదా అను నిద్దఱు శాస్త్రజ్ఞులు 1986లో నొక సంగతి వెల్లడించిరి. గడ్డలోని రక్తనాళములు సరిగా కట్టబడనివి గావున వాని గోడలలో కంతలుండును. రక్తములో తిరుగు సూక్ష్మవస్తువులు మంచి నాళములను దాటజాలవు. గడ్డలో మాత్రము ఆ కంతలగుండ బయటికి కారి అక్కడనే నిలిచిపోవును. గట్టు తెగినచోట చెఱువునీరు కారి బురద నిలిచినట్లన్నమాట. కావున రేణువులను సూదితో నరములోని రక్తమున కెక్కించి కొన్ని గంటలు వేచియున్నచో, అందు కొంత భాగము గడ్డలో చేరును.

హాలస్ గారును, ఆమె సహచరురాలగు జెన్నిఫర్ వెస్ట్ గారును, తక్కిన సహకారులును 2003లో ఎలుకల గడ్డలలో ఈ రేణువులను పెట్టి లేసరు వెలుతురును ప్రసరింపజేసిరి. లేసరనగా ఒకే రంగు గల, ఒకే దారిని పోవు గట్టి వెలుతురు. నాలుగు మొదలు ఆరు నిమిషములలో ఆ గడ్డల వేడి సగటున 37 డిగ్రీలు పెరిగినది. రేణువులు లేనిచోట అదే వెలుతురునకు 10 డిగ్రీలైనను పెరుగలేదు. మఱుసటి యేడు రేణువులను ఎలుకల రక్తములోని కెక్కించి, 6 గంటలు వేచి, గడ్డమీద 3 నిమిషములు లేసరు ప్రసరించిరి. చికిత్స పొందిన ఎలుకల గడ్డలన్నియు కరగి, 90 దినములు దాటినను అవి ఆరోగ్యముగా నుండెను. చికిత్స లేని ఎలుకల గడ్డలు పెరుగుచునే యుండెను.

ఎలుకకు పనిచేసినది మనిషికి పనిచేయునని నమ్మరాదు. ఎలుక గడ్డ చర్మమునకు అంటియే యుండును. మనిషిది లోతున నుండును. కావున మనుష్యులపై పరీక్షకు ప్రొస్టేటు గ్రంథిని ఎన్నుకొనిరి. ఇది పురుషులకు మూత్రాశయము క్రిందనుండు గ్రంథి. ముసలితనమున తఱచుగా బాధించునది. దీనిలోని కాన్సరునకు గ్రంథినంతయు కోసివేసినచో, లేక కిరణములతో మాడ్చినచో, కొందఱికి మూత్రము పట్టు తప్పును. పురుషత్వమునకును లోపము కలుగును. రోగము పోయినను బ్రదుకు చిన్నబోవును.

ఆ పరీక్షల మొదటి ఫలములు 2019లో ప్రకటింపబడినవి. 58 మొదలు 79 వఱకు వయస్సు గల 16 మంది పురుషులు అందు పాల్గొనిరి. వారందఱి రోగమును గ్రంథి దాటి ప్రాకనిది, మిక్కిలి తీవ్రము కానిది. మొదటి దినమున రేణువులను నరములోని కెక్కించిరి. మఱునాడు చిత్రములు తీయు యంత్రములతో గడ్డ యున్న తావును కనిపెట్టుచు, సన్నని సూదిద్వారా గాజుతీగను గడ్డవఱకు పంపి, దానిగుండ లేసరు వెలుతురును విడిచిరి. 16 మందిలో 15 మందికి చికిత్స సంకల్పించినట్లు నెరవేరినది. వారి మూత్రవిసర్జనయందు గాని, పురుషత్వమందు గాని చెప్పుకోదగిన తగ్గుదల కనబడలేదు. ప్రమాదకరమైన ఉపద్రవము కలుగలేదు.

ఇది విని ఇక రాచపుండు జయింపబడినదని తలంపవలదు. ఈ చికిత్సకు గల పరిమితులను గూడ చెప్పుట నా విధి.

మొదటిది లెక్క. 16 మంది చిన్న గుంపు. ఆ తరువాత మఱికొందఱికి ఈ చికిత్స చేసి ముక్క పరీక్షచే చూడగా చాలమందికి చికిత్స చేసిన తావున రోగము కనబడలేదు గాని, కొందఱికి కనబడినది. పది, పదునై దేండ్ల పిమ్మట వారి స్థితి యెట్లుండునో కాలమే చెప్పవలెను. ఇది యింకను పరీక్షలలోనున్న చికిత్స. వీధి ఆసుపత్రిలో దొరకు చికిత్స కాదు.

రెండవది లోతు. కిటికీవంటి వెలుతురు కూడ కొలది సెంటీమీటర్లే పోవును. అందుచేతనే సూదితో గాజుతీగను లోపలికి పంపవలసివచ్చినది. అన్ని అవయవములకును సూది చేరదు.

మూడవది వ్యాప్తి. గడ్డ ఒకచోట నున్నచో అక్కడ వెలుతురు వేయవచ్చును. కాలేయమునకు, ఎముకలకు, ఊపిరితిత్తులకు విత్తనములు చల్లిన పిమ్మట వెలుతు రెక్కడ వేయుదుము?

నాలుగవది నష్టము. రక్తములోని కెక్కించిన రేణువులలో అధికభాగము గడ్డకు చేరనే చేరదు. టొరాంటో విశ్వవిద్యాలయమువారు పదేండ్లలో వెలువడిన అనేక పరిశోధనలను పోల్చి 2016లో ఒక లెక్క తేల్చిరి. బంగారముతోనే కాక తక్కిన పదార్థములతో చేసిన సూక్ష్మరేణువులను గూడ చేర్చి చూడగా, నడిమి లెక్కన వెయ్యింటిలో ఏడు మాత్రమే గడ్డకు చేరుచున్నవి. తక్కినవానిలో చాలభాగమును కాలేయమును ప్లీహమును పట్టి యుంచును. బంగారము త్రుప్పు పట్టదు, కరగదు; అది శరీరములో దీర్ఘకాలముండును. ఇంతవఱకు దానివలన పెద్ద కీడు కనబడకున్నను, చిరకాలము కనిపెట్టి చూడవలసిన విషయమే.

బంగారమను మాట వినగానే మీలో కొందఱికి స్వర్ణభస్మము జ్ఞప్తికి వచ్చియుండును. అందు ఇందు బంగారమున్నమాట నిజమే. కాని ఈ చికిత్సలో బంగారము మందు కాదు. అది వెలుతురును పట్టు గొంగళి మాత్రమే. కొలిచి చేసిన ఆకారము లేనిదే అది శ్రుతి కలియదు. శ్రుతి కలిసినను లేసరు లేనిదే వేడెక్కదు. కావున బంగారమును మ్రింగినందువలన గాని, నీటిలో వేసి త్రాగినందువలన గాని ఈ ఫలము కలుగదు. నానో బంగారమని పేరు పెట్టి, రాచపుండును మాన్పుదుమని సీసాలు తెచ్చి అమ్మువా డెవడైన మీ యూరికి వచ్చినచో, అతనికి మీరిచ్చు సొమ్ము పోవుటయే గాక రోగికి మిగిలిన కాలము గూడ పోవును. పొలము అమ్మి మందు కొనుటకు ముందు పెద్దాసుపత్రి వైద్యునొకమాఱు అడుగుడు.

మఱి పల్లెలోనున్న మనకు ఈ కథవలన ప్రయోజనమేమి? ఒక్కటి గలదు. ఈ క్రొత్త చికిత్సయైనను, శస్త్రమైనను, కిరణములైనను, అన్నియు ఒక్క షరతుమీదనే చక్కగా పనిచేయుచున్నవి. గడ్డ చిన్నదిగను, ఒక్కచోటను ఉండగా కనిపెట్టవలెను. హ్యూస్టన్ నగరపు శాస్త్రజ్ఞులు ఎంత గొప్పవారైనను, ఏడాది దాచిన గడ్డకు వారు చేయగలది స్వల్పమే. కనిపెట్టు పని వైద్యునిది కాదు. ఇంటివారిది, ఊరి పెద్దలది.

రొమ్మున గడ్డ తగిలినచో, నొప్పి లేకున్నను, చూపించుడు. నొప్పి లేకపోవుట మంచి గుఱుతని నమ్మి ఎందఱో మోసపోయిరి. నోటిలో పుండుగాని తెల్లమచ్చగాని మూడు వారములకు మానకున్నచో చూపించుడు. చుట్ట, పొగాకు, జర్దా అలవాటున్నవారు మఱియు జాగరూకులై యుండవలెను. ముట్లుడిగిన స్త్రీకి మరల రక్తము కనబడినను, మూత్రములోగాని మలములోగాని నెత్తురు పడినను, కారణము లేక మనిషి చిక్కిపోవుచున్నను, మ్రింగుట కష్టమైనను, గొంతు బొంగురు వారములతరబడి తగ్గకున్నను ఆలస్యము చేయరాదు. మొదట ప్రభుత్వపు ఆసుపత్రికి పొండు. అక్కడివారు అవసరమని తోచినచో, హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రికో, విశాఖపట్టణములోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రికో పంపుదురు. ముక్క పరీక్ష చేసినచో గడ్డ ప్రాకునను భయము మన పల్లెలలో గట్టిగా నున్నది. ఆ భయముతో పరీక్ష మానుకొనుటవలన కలుగు కీడు మిక్కిలి పెద్దది. ముక్క చూడనిదే గడ్డ యెట్టిదో వైద్యునికి తెలియదు. తెలియనిదే చికిత్స లేదు.

స్త్రీలు సిగ్గుచే చెప్పరు. ముసలివారు బిడ్డలకు ఖర్చగునని చెప్పరు. ఈ రెండు మౌనములను పోగొట్టవలసినవారు మీవంటి పెద్దలు. రచ్చబండకడ మీరాడిన మాటకు ఊరిలో విలువ గలదు. వాత పెట్టువానిని పిలువబోవు ఇంటికి పోయి, ముందుగా ఆసుపత్రికి పొండని మీరు చెప్పినచో వారు వినిపించుకొందురు. నాబోటివాడు ఆకాశవాణిలో నూఱుసారులు చెప్పినను వినకపోవచ్చును.

మా పొరుగింటి అవ్వను తలచుకొని ముగించెదను. ఆమె గడ్డ చింతగింజ యంత యుండగా ఆనాటి వైద్యముననైనను శస్త్రముతో దానిని తీసివేయు అవకాశముండెను. బంగారు రేణువులు అక్కఱలేదు, లేసరు అక్కఱలేదు. ఆమెను, అమ్మా యేమి బాధ యని అడిగి, బండి కట్టి పట్టణమునకు తీసికొనిపోవువా రొకరుండిన చాలియుండెడిది. మీ యూరిలో అట్టి అవ్వ యెవరైన నున్నచో, రేపటి ఉదయమున ఆమె యింటికి పోయి అడుగుడు.